ఇంజెక్టర్లక్క

నంద్యాలలో మా మెకానిక్ షెడ్డు ముందు నిలబడి టీ తాగుతుండగా ఆ కబురు విన్నాను. నా పాత పెట్రోలు కారు కొన్నాళ్లుగా ఎత్తు రోడ్డు వస్తే చాలు, దగ్గుతోంది. బాడుగకు తిప్పే బండి అది. మహానందికి భక్తులను తీసుకుపోతుంటే వెనక సీటులోని పెద్దాయన "బండికి పడిశం పట్టిందేమప్పా" అని ఎగతాళి కూడా చేశాడు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ చప్పుడు కాసేపు విని, "ఇంజెక్టర్లు మడ్డి పట్టినాయన్నా. ఊడదీసి టెస్టు చేపించాల" అన్నాడు.

"ఆళ్లగడ్డలో ఆయమ్మ ఇంకా పనిలో ఉన్నింటే మనకీ బాధే ఉండేది గాదు" అన్నాను. ఆమె ఆ పని మానేసి ఏండ్లయింది. అయినా ఇంజెక్టర్ అనే మాట వినగానే నా నోటికి ఆమే వస్తుంది.

మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

"ఇంకేం పనన్నా? ఆయమ్మ పోయె గదా, పోయిన వారం. నీకు తెల్దా?"

మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చుందట. కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. ఆళ్లగడ్డ నుంచి స్పేర్లకు వచ్చినవాళ్లెవరో చెప్పారట. "నీకు ఫోను చేసింటారనుకుంటి" అన్నాడు మెకానిక్.

నాకెవరూ చెయ్యలేదు. చెయ్యడానికి నేను ఆమెకు చుట్టాన్నీ కాను, పక్కింటివాణ్ణీ కాను. టీ గ్లాసు అరుగు మీద పెట్టి, కారు వెనక సీటులో, నేను ఎప్పుడూ కూర్చోని చోట, కాసేపు కూర్చున్నాను.

నన్ను మొదట ఆమె దగ్గరకు పంపింది ఈ మెకానిక్కే. "ఇంజెక్టర్లక్క అని అడుగు, ఎవురన్నా చూపిస్తారు" అన్నాడు. ఆళ్లగడ్డలో బస్సు దిగి శిల్పుల షెడ్ల దగ్గర అడిగితే, దేవుడి పాదాలు చెక్కుతున్న ఒకాయన ఉలి ఆపకుండానే గడ్డంతో ఒక సందు చూపించాడు. సందు చివర నాపరాళ్ల కప్పు వేసిన చిన్న ఇల్లు. తలుపు తట్టబోతుంటే పక్కనున్న పెరటి గేటు తెరుచుకుంది. యాభైకి దగ్గర పడిన ఆడమనిషి. నూలు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, జుట్టంతా గుడ్డతో బిగించి కట్టుకుంది. నన్ను పాదాల నుంచి తల దాకా చూసింది.

"ఆ చొక్కా నైలానుదా?"

"ఏమో అక్కా. పండక్కి మా ఆమె తెచ్చింది."

"నైలాన్దే. తీసి ఆ దండెం మీద ఏయి. ఫోను, అగ్గిపెట్టె ఉంటే ఆ గూట్లో పెట్టి రా."

పరాయి ఇంట్లో బనీనుతో నిలబడాలంటే నాకు సిగ్గేసింది. ఆమెకది తెలిసింది. లోపలికి కేకేసి నూలు తువ్వాలు తెప్పించి నా భుజాన వేయించింది. "సిగ్గుపడేదానికి ఏముందప్పా. ఆ బట్ట ఒంటికి రాసుకుంటే చిటపటమంటాది, రవ్వలు గూడా లేస్తాయి. నా కాడ అట్లాంటి శబ్దం రాగూడదు" అంది. తువ్వాలు తెచ్చినామె ఆమె తోడికోడలు. ఆమే తరువాత నాకు మజ్జిగ కూడా ఇచ్చింది.

పని అంతా పెరట్లోనే. పైన రేకు లేదు, పందిరి లేదు, ఆకాశం తప్ప. మధ్యలో నడుమెత్తున ఒక నల్లరాతి బల్ల. విగ్రహానికి పనికిరాకుండా పగులు పట్టిన రాయిని శిల్పుల దగ్గర అడిగి తెచ్చుకుందట. బల్లకు ఒక పక్క బకెట్టు నిండా ఇసుక, ఇంకో పక్క తడిపి మడిచిన గోనెసంచి, గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు. బల్ల మీద సన్నని గాజు గొట్టాలు నాలుగు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

ఇంజెక్టర్ అంటే వేలెడంత లోహపు ముక్క. పెట్రోలును మంచుపొగ లాంటి తుంపర చేసి ఇంజన్‌లోకి చిమ్మేది అదే. దాని మూతికి మడ్డి పట్టిందా, తుంపర పోయి ధార అవుతుంది, బండి దగ్గుతుంది. దాన్ని బయటికి తీసి, చిమ్మించి చూసి, కడిగి, మళ్లీ చిమ్మించి చూడడమే ఆమె పని. కొందరు ఇంటి దగ్గర పెట్రోలు పోసే చిమ్మిస్తారు. ఆమె పోయదు. ఈ పనికోసమే అమ్మే, త్వరగా నిప్పంటుకోని నూనె ఒకటి ఉంది. కర్నూలు నుంచి తెప్పించేది. నేను తెచ్చిన ఇంజెక్టర్లలో మిగిలిన పెట్రోలు చుక్కలను రేకు డబ్బాలోకి వంచి, దానికి మూత బిగించి, ఇంజెక్టర్లను చాలాసేపు గాలికి ఆరబెట్టింది. ఆ తరువాతే బల్ల మీదికి తెచ్చింది.

ఆ పెరట్లో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. దూరంగా, ప్రహరీ గోడ వారన, స్టూలు మీద. ఆమె మరిది. నాకంటే కొంచెం చిన్నవాడు. నేను నమస్కారం పెడితే తల ఊపాడు గాని మాట్లాడలేదు. బ్యాటరీ ఆయన పక్కన ఉంది. అక్కడి నుంచి బల్ల దాకా పొడుగాటి వైరు. స్విచ్ ఆయన ఒళ్లో.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. వైరు క్లిప్పులన్నీ ఒక్కొక్కటే లాగి చూసింది. ఒకటికి రెండుసార్లు ఇంజెక్టర్ మూతికి ఎదురుగా చెయ్యి గానీ మొహం గానీ లేకుండా చూసుకుంది. తరువాత గడ్డం పైకెత్తి గాలి వాసన చూసింది, వాన వచ్చేముందు ఆవులు చూస్తాయే అట్లా. పెట్రోలు వాసన రవ్వంత ఉన్నా అక్కడే ఆపేసి, గాలి మళ్లేదాకా ఊరికే నిలబడేది. లేదని రూఢి చేసుకున్నాక, వెనక్కి తిరిగి చూడకుండానే "ఊ" అంది. గోడవారనున్న మరిది స్విచ్ నొక్కాడు. టక టక టకమంటూ నాలుగు గాజు గొట్టాల్లో నాలుగు తుంపరలు లేచాయి.

"ఇట్రా, సూడు" అని నన్ను పిలిచి తన కళ్లద్దాల జోడు లాంటిదే ఇంకోటి ఇచ్చింది. "ఇది గొడుగు పట్టినట్ల కొడ్తాంది. మంచిది. ఇది ఉమ్ముతాంది. ఇదేమో నోరు మూసుకోల్యాక సొంగ కారుస్తాంది, సూసినావా? ఈ కడాది ఊపిరి బిగబట్టుకోని కూచ్చుంది. దానికి నాలుగు బుజ్జగింపు మాటలు చెప్పాల."

ఆమె మాట్లాడితే అంతే. ఇనుము గురించి కూడా ఇంట్లో పిల్లల గురించి చెప్పినట్టే చెప్పేది. ఆమెకు పిల్లలు లేరని నాకప్పటికి తెలియదు.

డీజిల్ బండ్ల ఇంజెక్టర్లు తెస్తే ముట్టుకునేది కాదు. "దాని ఒత్తిడి చర్మాన్ని కోసుకోని లోపలికి పోతాది. అది ఇంటికాడ చేసే పని గాదు. మిషనుండే చోటికి తీస్కపో" అని గేటు దగ్గరే తిప్పి పంపేది. వానపడే సూచన ఉంటే చేసేది కాదు, గాలి బొత్తిగా నిలిచిపోతే చేసేది కాదు. తొందరపడేవాళ్లకు అసలు చేసేది కాదు.

తొందరపడినవాణ్ణి ఒకణ్ణి చూశాను. పాణ్యం నుంచి వచ్చాడు. సాయంత్రం ఎవరినో పెండ్లికి తీసుకుపోవాలట. ఇంజెక్టర్లు ఆరబెట్టడం చూసి అతని కాలు నిలవలేదు.

"ఇంతసేపేందక్కా? ఇంత పెట్రోలు పోసి కొట్టి సూడరాదా? బేగా అయిపోతాది. ఏం కాదులే."

ఆమె నాలుగింటినీ మళ్లీ అతని సంచిలో వేసి, సంచి మూతి ముడేసి చేతికిచ్చింది.

"పోయిరాప్పా."

"ఏందక్కా, నేనేమంటినని?"

"ఏం కాదులే అన్న్యావు గదా. ఆ మాట అనే మనిషికి నేను చెయ్యను."

అతను నసుగుతూ వెళ్లిపోయాక బల్ల తుడుస్తూ నాతో అంది. "మా ఇంటాయన గూడా ఆ మాటే అనేటోడు. ఏమడిగినా అదే. ఏం కాదులే, ఏం కాదులే. వరండాలో కూచ్చోని గాజుసీసాలోకి పెట్రోలు కొట్టిస్తాండె. ఉత్త వైరు. తానే బ్యాటరీకి తగిలిచ్చుకున్న్యాడు. రవ్వ లేసింది. నేను లోపల రొట్టెలు తడ్తాండా. బయటికొచ్చేసరికి..." అని, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.  "తానే తగిలిచ్చుకున్న్యాడప్పా. ఎవురూ చేసింది గాదు."

ఆ మాట అంటున్నప్పుడు గోడవారనున్న మరిది లేచి గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అన్న చావు గుర్తొచ్చి బాధ పడ్డాడేమో అనుకున్నాను.

తరువాత నేను బండి బాగున్నప్పుడు కూడా వెళ్లేవాణ్ణి. అహోబిలానికి బాడుగ దొరికితే, భక్తులను గుడి దగ్గర దించి, వాళ్లు పైకెక్కి దిగే లోపల ఆళ్లగడ్డకు వచ్చి ఆ పెరట్లో కూర్చునేవాణ్ణి. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా టైర్లు చూసేది, నా మొహం చూసేది. "కండ్లు ఎర్రగుండాయి. నిద్ర పోకుండా తోల్తాండావా?" అనేది. అన్నం పెట్టకుండా పంపేది కాదు. అన్నం తిన్నాక కూడా పంపేది కాదు. తిన్న మనిషికి కునుకు వస్తుందని, చాప పరిపించి, పడుకుని లేచాకే తాళంచెవి ఇచ్చేది.

మా ఆమెకు గర్భసంచి ఆపరేషన్ చేయించినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. నంద్యాలలోనే. ఆపరేషన్ అయింది గాని రక్తం నిలవలేదు. మళ్లీ లోపలికి తీసుకుపోయారు. వరండాలో మా బంధువులంతా ఉన్నారు. వచ్చిన ప్రతివాడూ నా భుజం తట్టి "ఏం కాదులే" అంటున్నాడు. వాళ్లది ప్రేమే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ గాజుసీసా, ఆ ఉత్త వైరు గుర్తొస్తున్నాయి. ఇంజెక్టర్లక్కకు ఎవరు చెప్పారో, ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చింది. చేతిలో జొన్నరొట్టెల మూట. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.  నేనే తట్టుకోలేక, "అక్కా, ఏమన్నా అయితాదా?" అని అడిగాను.

"నాకు తెల్దప్పా" అంది. "కానీకుండా సూసేదానికి వాళ్లు లోపలుండారు. ఏమన్నా అయితే ఈడ నేనుండా."

అంతే. ఆ మాట పట్టుకునే ఆ రోజంతా కూర్చోగలిగాను. మా ఆమె బతికింది. కండ్లు తెరిచాక ఆమెకు మొదట నీళ్లు తాగించింది కూడా ఈమే. మా ఆమెకు ఈ మనిషెవరో తెలియదు. "ఎవురమ్మా నువ్వు?" అంటే, "మీ ఆయన బండికి చుట్టాన్ని" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

తరువాత కరోనా వచ్చింది. రెండోసారి విరుచుకుపడినప్పుడు వాళ్ల ఇంట్లో అందరూ పడ్డారు. అందరూ లేచారు. బాడుగలు మళ్లీ మొదలయ్యాక, చాలా కాలం నిలిచిపోయిన నా బండి మొరాయిస్తే, ఇంజెక్టర్లు తీసుకుని వెళ్లాను. పెరడు శుభ్రంగా ఊడ్చి ఉంది. బల్ల మీద ఏమీ లేదు. ఆమె గడప మీద కూర్చుని ఉంది. సగానికి సగం చిక్కిపోయింది.

"నా ముక్కు పోయిందప్పా" అంది.

నాకు అర్థం కాలేదు.

"జొరం తగ్గింది గాని వాసన రాల్యా. తాళింపు మాడి ఇల్లంతా పొగొచ్చినా నాకు తెల్దు. డాక్టరు వస్తాదిలే అంటాడు. యాడొస్తాంది? మొన్న పెట్రోలు తడిసిన గుడ్డ తెచ్చి ముక్కు కాడ పెట్టుకుంటి. నీళ్ల గుడ్డ మాదిరుండాది. ముక్కు ల్యాని మనిషి ఈ పని చెయ్యగూడదు."

గోడవారనుంచి మరిది లేచి వచ్చాడు. ఆయన నా ఎదుట అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. "నేను సూస్తా వదినా వాసన. నా ముక్కు బాగుండాది. నేను బల్ల కాడ నిలబడ్తా. నువ్వు స్విచ్చి కాడ కూచ్చో. ఇన్ని సంవత్సరాలు సూసినా గదా, నాకన్నీ తెలుసు. పని మానుకుంటే నువ్వు బతకల్యావు."

ఆమె ఒప్పుకోలేదు. ఆయన వదల్లేదు. తోడికోడలు కూడా వచ్చి, "పోనీలే అక్కా, ఒకసారి సూడండి. ఆయప్ప అంత ఆశగా అడుగుతాంటే" అంది. చివరకు ఆమె లేచి, తన ఒంటి మీది పొడుగు చేతుల చొక్కా విప్పి ఆయనకిచ్చింది. కళ్లద్దాలిచ్చింది. ఆయన నా ఇంజెక్టర్లను వంచి, ఆరబెట్టి, బిగించాడు. ఆమె ఎట్లా చేసేదో అట్లాగే, ఒక్క క్లిప్పు కూడా వదలకుండా లాగి చూశాడు. గడ్డం పైకెత్తి గాలి పీల్చాడు.

"ఊ. ఏయి వదినా."

ఏమీ కాలేదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. స్విచ్ రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. బొటనవేలు దాని మీదే ఉంది.

"ఊ, వదినా. వాసనేం లేదు. ఏయి."

ఆమె కళ్లు బల్ల దగ్గర నిలబడిన మనిషి వీపు మీద ఉన్నాయి. ఆ చొక్కాలో ఆయన అచ్చం వాళ్ల అన్నలా ఉన్నాడేమో నాకు తెలియదు, నేనా అన్నను చూడలేదు.  నుదుటి మీది చెమట చుక్క జారి ముక్కు కొస దగ్గర నిలిచింది. బొటనవేలు మాత్రం కిందికి దిగలేదు. చాలాసేపటికి ఆమె స్విచ్‌ను, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, మెల్లగా నేల మీద పెట్టింది.

"ఇన్ని సంవత్సరాలు నువ్వెట్ల ఏసినావప్పా?" అంది.

ఆయన కళ్లద్దాలు తీశాడు.

"నువ్వు ఏయమన్న్యావు గదా వదినా."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి, గొంతు మాత్రం బయటికి రావడం లేదు. ఆయన ముందుగా బ్యాటరీ దగ్గరకు పోయి క్లిప్పులు రెండూ ఊడదీసి పక్కన పెట్టాడు. ఆ తరువాత ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమెను తాకలేదు, ఓదార్చలేదు. అట్లా కూర్చున్నాడంతే. తోడికోడలు నన్ను కళ్లతోనే బయటికి పొమ్మంది.

సందు మొదట్లో శిల్పుల షెడ్ల దగ్గర నిలబడి ఉంటే, మరిదే నా ఇంజెక్టర్లు సంచిలో వేసుకుని వచ్చాడు. చుట్టూ ఉలుల చప్పుడు. ఇద్దరు మాట్లాడుకుంటే మూడోవాడికి వినపడని చోటు. సంచి నా చేతికిచ్చి, అట్లాగే నిలబడి చెప్పాడు.

"ఆ పొద్దు వైరు తగిలిచ్చింది మాయన్న గాదన్నా. నేను."



"మాయన్న సీసా పట్టుకున్న్యాడు. 'ఏయిరా, ఏం కాదులే' అన్న్యాడు. ఏసినా. ఒంటి మీద ఆరిపేదానికి పోతే నా చేతులు గూడా కాలినాయి. కర్నూలు ఆస్పత్రిలో మాయన్న ఆయమ్మతో చెప్పినాడంట, పక్క మంచమోళ్లు ఇని నాకు చెప్పినారు, 'నేనే తగిలిచ్చుకున్న్యానని చెప్పు. వాడు బతకాల' అని. ఆయమ్మ పోలీసులకు అట్లే చెప్పింది. మాయమ్మకు అట్లే చెప్పింది. నాకు గూడా అట్లే చెప్పిందన్నా! ఆడ ఉన్నింది నేను, తగిలిచ్చింది నేను, నా మొగానే చెప్పింది, మీ యన్నే తగిలిచ్చుకున్న్యాడు, ఎవురూ చేసింది గాదు అని."

ఆయన చేతులు చూశాను. మణికట్టు దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఇన్నాళ్లూ దూరంగా కూర్చోవడం వల్ల నేను గమనించలేదు.

అన్న పోయాక ఆయన ఇంట్లో లైటు స్విచ్ కూడా ముట్టుకునేవాడు కాదట. మంచం మీద కూర్చుంటే కూర్చున్నట్టే. తల్లి ఏడ్చినా, భార్య పుట్టింటికి పోతానన్నా కదలలేదు. వదిన మాత్రం కొన్నాళ్లు పొద్దున బస్సెక్కి కర్నూలు పోయేది. అక్కడ ఇంజెక్టర్లు టెస్టు చేసే షాపు ముందు నిలబడి, వాళ్లు విసుక్కున్నా కదలకుండా, పని నేర్చుకుంది. తిరిగొచ్చి పెరట్లో రాయి వేయించింది. ఇసుక పోయించింది. ఒకరోజు మరిదిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడవారన కూర్చోబెట్టి, స్విచ్ ఒళ్లో పెట్టింది.

"'నేను ఆడ బల్ల కాడ నిలబడ్తా. ఊ అంటే ఏయి' అనింది. నా చేతులు నరికినా ఏయనంటి. 'అయితే నువ్వు ఏసేదాకా నేను ఈడ్నే నిలబడింటా' అనింది. అన్నం తినల్యా. నీళ్లు తాగల్యా. ఎండలో అట్లే నిలబడింది. పొద్దు గూకేటప్పుడు కండ్లు మూసుకోని ఏసినా. తుంపర లేసిన శబ్దం ఇనొచ్చింది. కండ్లు తెరిస్తే ఆయమ్మ ఆడ్నే ఉంది, మాయన్న చొక్కా ఏసుకోని. నా పక్కకు తిరిగి, 'సూసినావా? నీ చేతిది తప్పు గాదు' అనింది."

 శిల్పి ఎవరో ఉలి ఆపి మా వైపు చూశాడు.

"దినామూ భయమేనన్నా. ఏసిన ప్రతిసారీ నా గుండె ఆగేది. ఆయమ్మకు తెల్దు. నాకు నయమైందనుకునింది. ఈపొద్దు తన చేతికొచ్చేసరికి తెలిసింది."

ఆ రోజు తరువాత ఆమె ఆ పని మళ్లీ ముట్టుకోలేదు. మరిది ఊళ్లో ట్రాక్టర్ల షెడ్డులో చేరాడు. నేను అప్పుడప్పుడూ పోయేవాణ్ణి. ఆమె గడప మీద కూర్చుని ఉండేది. వాసన తెలియని దాన్ని గ్యాసుతో నాకెందుకని వంటింట్లోకే పోయేది కాదు. "మీ ఆమె బాగుందా? బండి బాగుందా?" ఈ రెండే అడిగేది. కూర్చోమనేది. కూర్చుంటే మాటలుండేవి కావు. ఒకసారి మాత్రం, వీధిలోకి చూస్తూ, నాతో అన్నట్టు కాకుండా అంది. "పాపం, బిడ్డను రోజూ నిప్పుల్లో నిలబెట్టినా. బతికిస్తాండా అనుకుంటినప్పా."

అని, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఆయన్ని బిడ్డ అనడం అప్పుడే విన్నాను. మరిది వినే చోట ఎప్పుడూ అనలేదు.

కబురు తెలిసిన మరుసటి రోజు, దగ్గుతున్న బండిలోనే ఆళ్లగడ్డకు పోయాను. ఇంటి ముందు టెంటు తీసేశారు. గుంజలు పాతిన గుంతలు మిగిలాయి. తోడికోడలు నన్ను చూసి బావురుమంది. "నీకు చెప్పాలని గూడా ఎవురికీ తోచల్యాదన్నా" అంది. ఇంటాయన గురించి అడిగితే, "చేనికి పోయినాడు. పొద్దున, సాయంత్రం ఆడికే పోతాండాడు. ఇంతవరకు కంటిలో నీళ్లు పెట్టల్యా. నాకు భయమైతాంది. నువ్వన్నా పోయి సూడు" అంది.

చేను ఊరి బయటే. శనగ వేసి ఉంది. గట్టు పక్కన కొత్త మన్ను కుప్ప. పైన ముళ్లకంప పరిచి ఉంది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను. నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. వాళ్ల ఇండ్లల్లో దహనం చేస్తారని నాకు తెలుసు.

"పూడ్చినారా?" అన్నాను.

"ఊ. ఆయమ్మే చెప్పి పెట్టిందంట. నాకు గాదు, మా ఇంట్లోదానికి. నన్ను కాల్చొద్దండి, మన్నులో పెట్టండి అని ఒట్టు ఏపించుకుందంట. ప్యాపిలి నుంచి ఆయమ్మ అన్నదమ్ములొచ్చి కొట్లాడినారు. మన వంశంలో పూడ్చేది యాడుంది, ఏందీ కొత్తాచారం అని. మా ఇంట్లోది వాళ్ల కాళ్లు పట్టుకునింది. కడాకు, పాపం మొగుడు కాలిపోయింది కండ్లారా సూసింది గదా, నిప్పుకు భయపడింటాదిలే అని ఒప్పుకున్న్యారు."

"అంతే గదా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆయమ్మకు నిప్పంటే భయమేందన్నా? ఇన్నేండ్లు బల్ల కాడ నిలబడిన మనిషి." ఆయన ముళ్లకంప వైపు చూస్తూ చెప్పాడు. "మాయన్నకు పిల్లల్లేరు. కొరివి నేనే పెట్టినా. చేతులకు కట్లు గట్టుండారు. ఇంటి కాడ నిప్పుకుండ ఎత్తుకునేటప్పుడు నాతో కాల్యా. రెండుసార్లు కింద పెట్టేసినా. నేను తగిలిచ్చిన నిప్పు సాలదా, మళ్లీ నేనే పెట్టాల్నా అని అరిచినా. అందరూ నాకు మతి చెడింది అనుకున్న్యారు. ఆయమ్మ గడపలో నిలబడి సూస్తానే ఉంది. వచ్చి, ఆ కుండ ఎత్తి నా చేతుల్లో పెట్టింది."

గాలికి శనగ చేను కదిలింది. 

"ఆయమ్మకూ పిల్లల్లేరు గదన్నా. ఈసారి గూడా ఆ నిప్పుకుండ నేనే పట్టుకోవాల్సింది."

నాకప్పుడు తెలిసింది. 

"మన్ను ఏసేటప్పుడు గూడా నాకు తట్టల్యా. మూడు పిడికిళ్లు ఏసినా, ఇంటికి పోయినా, నీళ్లు పోసుకున్న్యా. మర్నాడు ఈడికొచ్చి కూచ్చుంటే అప్పుడు తట్టింది. నా చేతికి నిప్పియ్యకుండా పోయింది." ఆయన ముడతలు పడిన అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూశాడు. "పోతా పోతా గూడా నన్నే తలుచుకునింది సూడన్నా."

అప్పుడు ఏడ్చాడు. ముందుకు వంగి, నుదురు ముళ్లకంప వారన కొత్త మన్నుకు ఆనించి, "అమ్మా" అని ఏడ్చాడు. అన్ని సంవత్సరాలూ వదినా అని పిలిచిన మనిషిని, పైకే, ఊరికి వినపడేంత గట్టిగా, అమ్మా, అమ్మా అని పిలిచాడు.